నిషేధ శాసనములు – వాని ప్రతిఘటనము
(అమెరికా, మద్రాసు, హైదరాబాదు: 1946–1952)

రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిదప అమెరికా సంయుక్త రాష్ట్రములందు కమ్యూనిస్టు పక్షమును అణచుటకై పుట్టిన శాసనములను గూర్చియు, వానిని ఎదిరించిన సంఘములను గూర్చియు ఆంగ్లమున గ్రంథములు పెక్కు వెలువడినవి. ఇంచుమించు ఆ సంవత్సరములందే తెలుగు దేశమునను అట్టి శాసనములు పుట్టినవి. వానిని ఎదిరించినవారు చెన్నపట్టణపు హైకోర్టునందును, ఢిల్లీలోని సుప్రీముకోర్టునందును పొందిన తీర్పులు నేటికిని మన రాజ్యాంగ ధర్మమునకు ఆధారములై యున్నవి. ఈ సంగతి మనవారిలో తెలిసినవారు తక్కువ. ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుటయే యీ వ్యాసోద్దేశము.

శంషాబాదు సమీపమున నున్న మామిడిపల్లినుండి చూచువారికి ఈ విషయమునందొక విశేషము గోచరించును. 2008 సంవత్సరమునుండి దేశదేశముల విమానములు వచ్చి వాలుచున్న యీ నేల, 1948 సెప్టెంబరు వఱకు నిజాము ఏలుబడిలోనిది. నిజాము సొంత భూములును, పాయిగాల భూములును అల్లుకొనియున్న నగర పరిసరములలోనిది. ఇచ్చటి ప్రజకు ప్రభువుపై చెల్లు హక్కులు లేకుండెను, ఫర్మానాయే శాసనము. కృష్ణకు ఆవలి తెలుగువారో మద్రాసు రాజధానికి చెందినవారు. హైకోర్టును, వకీళ్లను, రిట్టులను ఎఱిగినవారు. ఒకే భాష పలుకు జనులు రెండు వేర్వేఱు రాజ్యముల క్రింద ఒకే తీరు నిషేధమును ఎట్లు ఎదుర్కొనిరో, అందెవరికేమి సాధ్యమయ్యెనో విచారించుటకు ఇంతకంటె తగిన నిదర్శనము లేదు.

మొదట అమెరికా వృత్తాంతమును సంగ్రహముగా జెప్పెదను. 1940లో నచ్చట స్మిత్తు శాసనము పుట్టెను. ప్రభుత్వమును బలప్రయోగముచే కూలద్రోయవలయునని బోధించుటయు, అట్లు బోధించు సంఘమున చేరుటయు నీ శాసనముచే నేరములయ్యెను. 1947 మార్చిలో ప్రెసిడెంటు ట్రూమన్ కేంద్రోద్యోగుల రాజభక్తిని పరీక్షించుటకు ఉత్తర్వు చేసెను. ఆ యేటనే పుట్టిన టాఫ్టు–హార్ట్లీ శాసనము, తాము కమ్యూనిస్టులము కామని కార్మిక సంఘ నాయకులు ప్రమాణపత్రము వ్రాసి యీయవలెనని విధించెను. 1948లో ముండ్టు, నిక్సను అను ప్రతినిధులు వేఱొక బిల్లును తెచ్చిరి. కమ్యూనిస్టు సంఘములును, వానికి ముసుగులని ప్రభుత్వము తలంచు సంఘములును తమ పేర్లను ప్రభుత్వమున నమోదు చేయించుకొనవలెనని దాని సారము. ఆ యేటి మే నెలలో ప్రతినిధి సభ దానిని 319 మంది సమ్మతితో అంగీకరించెను. ప్రతికూలించినవారు 58 మంది మాత్రమే.

ఇచ్చటనే వ్యవస్థితమైన ప్రతిఘటనము తలయెత్తెను. కార్మిక సంఘములు, నీగ్రో జాతి హక్కుల సంఘములు, మతాచార్యులు, న్యాయవాదులు, విశ్వవిద్యాలయాచార్యులు కూడిరి. 1946లో వెలసిన పౌరహక్కుల కాంగ్రెసు వంటి సంస్థలు అందు ముందు నిలిచెను. ప్రసిద్ధ గాయకుడు పాల్ రోబ్సను సెనేటు సంఘము ముందు సాక్ష్యమిచ్చి, తాను కమ్యూనిస్టునా కానా యను ప్రశ్నకు బదులు చెప్ప నిరాకరించెను. వాషింగ్టను వీధులలో వేలకొలది జనులు ఊరేగిరి. బిల్లు సెనేటునందు నిలిచిపోయెను. ఇది ప్రతిఘటనపు తొలి జయము.

ఆ జయము రెండేండ్లకు మించి నిలువలేదు. కొరియా యుద్ధము మొదలైన వేసవి గడచినంతనే, 1950 సెప్టెంబరులో, ఆ బిల్లుయొక్క సారమే మెక్కారను శాసనముగా మరల వచ్చెను. ఆపత్కాలమున గూఢచర్యము చేయుదురని శంకింపబడిన వారిని విచారణ లేకయే నిర్బంధించు అధికారము దీనియందు క్రొత్తగా చేర్పబడెను. అభిప్రాయమును దండించు శాసనము స్వతంత్ర దేశమునకు తగదని ట్రూమన్ దానిని నిరాకరించెను. ఐనను ప్రతినిధి సభ 286–48 గాను, సెనేటు 57–10 గాను ఓట్లు వేసి, ఆయన నిరాకరణమును త్రోసివేసెను. 1951 జూన్ 4న డెన్నిస్ వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు స్మిత్తు శాసనమును సమర్థించి, కమ్యూనిస్టు నాయకుల శిక్షలను ఖాయపఱచెను. బ్లాక్, డగ్లాసు అను న్యాయమూర్తు లిరువురే భిన్నాభిప్రాయము వ్రాసిరి.

ఇక మన దేశమునకు వత్తము. హైదరాబాదు సంస్థానమున సభాస్వాతంత్ర్య నిరోధము కమ్యూనిస్టు పక్షముకంటె ముందే పుట్టినది. గస్తీ నిషాన్ తిర్పన్, అనగా 53వ సంఖ్య గల ఉత్తర్వు, సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదని శాసించెను. పఠనమందిర వార్షికోత్సవమునకు సైతము అధికారి అనుమతి కొఱకు కాచుకొని యుండవలసి వచ్చెడిది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభయు, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను ద్వితీయాంధ్ర మహాసభయు జరిగెను. గస్తీ యెడ ఆంధ్ర మహాసభకు గల నిరసనము క్రమముగా గోరికగాను, పిదప తీర్మానముగాను, తుదకు ఉద్యమముగాను పరిణమించెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు అర్జీలతోడను, సంప్రతింపులతోడను నడపిన యీ ప్రతిఘటనము మృదువైనదే. కాని గ్రామగ్రామమున నలుగురు చేరి మాటలాడుట తమ హక్కని జనులకు నేర్పినదదియే.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పుట్టకమునుపే నిషేధింపబడెను. 1946లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ యేటి చివరనే కమ్యూనిస్టు పక్షము నిషేధింపబడెను. 1944 భువనగిరి సభతో రెండుగా చీలిన ఆంధ్ర మహాసభలో రావి నారాయణరెడ్డిగారి నాయకత్వమునందలి శాఖకును ఆ గతియే పట్టెను. ఒక నిషేధమును సడలించి వేఱొక నిషేధమును బిగించుట యిందు గమనింపదగినది. ఎవరి నిషేధము తొలగెనో వారు రెండవవారి నిషేధమును గూర్చి గట్టిగా మాటలాడినట్లు కానరాదు.

మద్రాసు రాజధానియందు 1947 జనవరిలో ప్రజాభద్రతా ఆర్డినెన్సు పుట్టి, మార్చిలో శాసనమయ్యెను. విచారణ లేని నిర్బంధమును, ఊరినుండి వెడలగొట్టుటయు, పత్రికలపై ఆంక్షలును, గ్రామములపై సామూహికపు జరిమానాలును దీనియందు కలవు. ఈ ఆర్డినెన్సు వెలువడిననాడు మద్రాసు ప్రధానమంత్రి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు! సైమను సంఘ బహిష్కార దినమున తుపాకులకు ఎదురు నిలిచిన ధీరుని మంత్రివర్గమే విచారణ లేని నిర్బంధమునకు త్రోవ తీసినదనుట చరిత్రకారుడు దాచరాని సంగతి. పిదప ఓమందూరు రామస్వామి రెడ్డియారు, కుమారస్వామి రాజాగారల మంత్రివర్గములు ఆ శాసనమును విస్తరించెను. బెజవాడనుండి వెలువడుచుండిన ‘ప్రజాశక్తి’ 1948లో మూతపడెను. 1949లో కమ్యూనిస్టు పక్షము రాజధానియందు చట్టవిరుద్ధమని ప్రకటింపబడెను.

ఇచ్చట ప్రభుత్వపక్షపు వాదమును గూడ న్యాయముగా జెప్పవలెను. అమెరికాలో శిక్షింపబడిన నాయకులపై మోపబడిన నేరము బోధయు, బోధకై కూడుటయును. వారు ఆయుధము పట్టినట్లు అభియోగమే లేదు. తెలంగాణమునందో సాయుధపోరాటము నిజముగా జరుగుచుండెను. దొరల భూములు పంచబడుచుండెను. ఉభయపక్షములను ప్రాణములు పోవుచుండెను. కృష్ణాతీర గ్రామములు ఆ పోరాటమునకు వెన్నుదన్నుగా నుండెననుటయు నిజము. కావున మద్రాసు ప్రభుత్వ భయము కేవలము కల్పితము కాదు. అసలు ప్రశ్న వేఱు. హత్యకు హత్యానేర శాసనమును, దోపిడికి దోపిడినేర శాసనమును ఉండగా, పత్రికను ఆపుటకును, పుస్తకశాల నడపు సంఘమును మూయుటకును, నేరము చెప్పక మనుష్యుని చెఱనుంచుటకును వేఱు శాసనమేల?

1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చుటతో ఈ ప్రశ్న న్యాయస్థానములకు చేరెను. అప్పటికి సుమారు రెండేండ్లుగా చెఱయందున్న ఏ.కె. గోపాలను వ్యాజ్యమున 1950 మే 19న తీర్పు వెలువడెను. నివారక నిర్బంధ శాసనము చెల్లునని కోర్టు పలికినను, నిర్బంధ కారణములను న్యాయస్థానమునకు సైతము తెలుపరాదను 14వ ప్రకరణమును మాత్రము కొట్టివేసెను. ఒక వారము గడచిన పిమ్మట, మే 26న, రొమేష్ థాపరు వ్యాజ్యమున మఱియొక తీర్పు వచ్చెను. బొంబాయినుండి వెలువడు ‘క్రాస్ రోడ్స్’ అను వారపత్రిక మద్రాసు రాష్ట్రమున ప్రవేశింపరాదని ఆ ప్రభుత్వము మార్చి 1న నిషేధించియుండెను. ఆ నిషేధమునకు ఆధారమైన ప్రకరణము రాజ్యాంగవిరుద్ధమని న్యాయమూర్తి పతంజలి శాస్త్రిగారు అధికసంఖ్యాకుల పక్షమున వ్రాసిరి. రాజ్యభద్రతకు కలుగు అపాయము వేఱు, సామాన్యమైన ప్రజాశాంతికి కలుగు భంగము వేఱనియు, రెండవదాని పేర వాక్స్వాతంత్ర్యమును అణచుటకు నాటి రాజ్యాంగము అనుమతింపదనియు ఆ తీర్పు సారము. అందాయన అమెరికా రాజ్యాంగ నిర్మాతలలో నొకడైన మాడిసనును స్మరించెను. ఆ మాడిసను దేశముననే ఆ సంవత్సరము గడవక మునుపు మెక్కారను శాసనము పుట్టెననుట కాలవైచిత్ర్యము.

మూడవది తెలుగువారు మఱింత శ్రద్ధతో నెఱుగవలసినది. మద్రాసున పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అను విద్యాప్రచార సంఘము కలదు. దాని కార్యదర్శి న్యాయవాది వి.జి. రావు. కమ్యూనిస్టు పక్షమునకు తన ధనముతో తోడ్పడుచున్నదను నెపముతో 1950 మార్చిలో ప్రభుత్వము దానిని చట్టవిరుద్ధ సంఘమని గెజెట్టున ప్రకటించెను. సవరింపబడిన శాసనము ప్రకారము ప్రకటన చేయుటకు ప్రభుత్వమునకు తోచుటయే చాలును. సలహాసంఘమొకటి పిదప కాగితములను చూచును గాని, సంఘమువారు స్వయముగా వచ్చి చెప్పుకొను వీలు లేదు. ప్రకటనను సంఘమునకు అందజేయవలెనను నియమమును లేదు. తాము నేరస్థులమైతిమని తెలియకయే సభ్యులు నేరస్థులు కావచ్చును.

రావుగారు హైకోర్టున పిటిషను వేసిరి. ప్రధాన న్యాయమూర్తి పాకాల వెంకట రాజమన్నారుగారు, న్యాయమూర్తులు సత్యనారాయణరావుగారు, విశ్వనాథ శాస్త్రిగారు ముగ్గురును విచారించి, 1950 సెప్టెంబరు 14న ఆ సవరణము చెల్లదని తీర్పు చెప్పిరి. రాజమన్నారుగారు ‘తప్పెవరిది’ అను నాటకమును రచించిన తెలుగు సాహితీవేత్తయని పాఠకు లెఱుగుదురు. ముగ్గురిలో నొక్కరును కమ్యూనిస్టు మతమునకు చెందినవారు కారు. వారు చూచినది ఆరోపితుని మతమును కాదు, ఆరోపణ జరిగిన పద్ధతిని. 1952 మార్చి 31న సుప్రీముకోర్టు ఆ తీర్పును ఖాయపఱచెను. అప్పటికి భారత ప్రధాన న్యాయమూర్తియైన పతంజలి శాస్త్రిగారు, నిర్బంధము సమంజసమా కాదా యనుటకు హక్కుయొక్క స్వభావము, నిర్బంధముయొక్క ప్రయోజనము, తొలగింపవలసిన కీడుయొక్క పరిమాణము, నాటి పరిస్థితులు మొదలగువాని నన్నింటిని తూచవలెనని సూత్రము చేసిరి. నేటికిని న్యాయస్థానములు ఆ సూత్రమును పఠించుచునే యున్నవి. ఒక చిన్న విద్యాసంఘముపై వేసిన నిషేధమునుండి ఇంత పెద్ద ధర్మము పుట్టెను.

ప్రభుత్వము ఊరకుండలేదు. రొమేష్ థాపరు తీర్పు చూపిన లోపమును పూడ్చుటకై రాజ్యాంగమునకు ప్రథమ సవరణము తేబడి, 1951 జూన్ 18న రాష్ట్రపతి సమ్మతిని పొందెను. వాక్స్వాతంత్ర్యమును నిరోధించుటకు తగిన కారణములలో ప్రజాశాంతి అనునది చేర్పబడెను. ఐనను చర్చల ఫలముగా నిరోధము ‘సమంజసమై’ యుండవలెనను పదమును గూడ చేర్పబడెను. అమెరికాలో డెన్నిస్ తీర్పు వెలువడిన పదునాలుగు దినములకే యిది జరిగెను. రెండు ప్రజాస్వామ్యములును ఒకే మాసమున ఒకే దిక్కునకు మొగ్గెను. భేదమిది: అచ్చట న్యాయస్థానమే శాసనమునకు లొంగెను, ఇచ్చట న్యాయస్థానము లొంగకపోగా రాజ్యాంగమే సవరింపబడెను.

హైదరాబాదున నీ పాటి ఊరటయు లేకపోయెను. 1948 సెప్టెంబరున పోలీసు చర్య జరిగిన పిదప సైనిక పాలనయు, ప్రత్యేక న్యాయస్థానములును ఏర్పడెను. తెలంగాణ పోరాటమునకు సంబంధించిన అభియోగములపై ఆ న్యాయస్థానములు పలువురికి మరణదండనము విధించెను. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వానిని ఖాయపఱచెను. రాజ్యాంగము వచ్చుటకు ఇంక ఆఱు వారములే కొదువ. ఉరికంబమునకు దగ్గఱైన పండ్రెండుగురి పక్షమున విన్నపములు సుప్రీముకోర్టునకు చేరెను. లండనునుండి ప్రసిద్ధ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించెను. 1950 డిసెంబరున కోర్టు, రాజ్యాంగమునకు పూర్వము హైదరాబాదు హైకోర్టు చెప్పిన తీర్పులపై తనకు అప్పీలు వినుటకు అధికారము లేదనెను. 1951 మార్చిలో, న్యాయవాదిని నియమించుకొను అవకాశము తమకు సరిగా దొరకలేదను వారి ఫిర్యాదుపై వేసిన విన్నపములును నిరాకరింపబడెను. తీర్పు వెలువడిన దినము కొలది వారములు అటు జరిగియున్నచో కనీసము అప్పీలు కోరుటకైన వాకిలి తెఱచియుండెడిది. ఆ వాకిలి మూతపడిన పిదప వారిని బ్రదికించినది దేశదేశములలో చెలరేగిన ప్రజాభిప్రాయమే. తుదకు వారి మరణదండనలు యావజ్జీవ శిక్షలుగా మార్పబడెను.

1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడెను. తదనంతరము జరిగిన సార్వత్రిక ఎన్నికలు నిషేధముయొక్క ఫలమేమో చూపెను. హైదరాబాదున కమ్యూనిస్టు పక్షముపై నిషేధము ఇంకను నిలిచియుండుటచే వారు ప్రజాతంత్ర సంఘటన యను పేర పోటీచేసిరి. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు జవాహరులాలు నెహ్రూగారికి వచ్చినవానికంటె ఎక్కువ ఓట్లతో లోకసభకు ఎన్నికైరి. మద్రాసు శాసనసభయందు 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కెను. కమ్యూనిస్టులు 62 స్థానములు గెలిచిరి. కాంగ్రెసును వీడిన ప్రకాశము పంతులుగారు కమ్యూనిస్టులతో గూడిన ఐక్య సంఘటనకు నాయకులై మంత్రివర్గ నిర్మాణమునకు హక్కు కోరిరి. ఐదేండ్లనాడు తమ ప్రభుత్వము నిర్బంధించిన పక్షమువారే యిపుడు వారి వెంట నిలిచిరి.

ఈ చరిత్రలను కలిపి చూడగా ఒక సంగతి తేటపడుచున్నది. 1941లో మిన్నియాపోలిసు నగరమున ట్రాట్స్కీ వాదులపై స్మిత్తు శాసనము ప్రయోగింపబడినపుడు అమెరికా కమ్యూనిస్టు పక్షము ఆ వ్యాజ్యమును సమర్థించెను. ఎనిమిదేండ్లకు ఆ శాసనమే వారి మెడకు చుట్టుకొనెను. మన దేశమున 1942లో కాంగ్రెసువారు చెఱసాలలను నింపుచుండగా కమ్యూనిస్టులు నాటి ఉద్యమమును వ్యతిరేకించిరి. 1947లో కాంగ్రెసు మంత్రులు కమ్యూనిస్టులను చెఱసాలకు పంపిరి. 1936లో నెహ్రూగారి చొరవతో పుట్టిన పౌరస్వాతంత్ర్య సంఘము నిర్బంధ శాసనములను ఖండించెను. అధికారము చేజిక్కిన పిదప ఆయన ప్రభుత్వమే నివారక నిర్బంధ శాసనమును చేసెను. ఎవరిమట్టుకు వారు తమ స్వాతంత్ర్యమునే కోరినంతకాలము శాసనమే గెలిచినది. ఆరోపితుని మతముతో సంబంధము లేనివారు, నాటకకర్తయైన న్యాయమూర్తి గాని, మతాచార్యుడు గాని, గాయకుడు గాని, ముందునకు వచ్చినపుడే శాసనము వెనుకకు తగ్గినది.

తరువాతి కథయు దీనినే బలపఱచును. మెక్కారను శాసనపు నమోదు విధిని 1965లో అమెరికా సుప్రీముకోర్టు నిర్వీర్యము చేసెను. నిర్బంధ శిబిరములకు సంబంధించిన భాగమును రద్దుచేయించుటకు ప్రధానముగా పాటుపడినవారు జపాను సంతతి పౌరులు. యుద్ధకాలమున తమవారు లక్షపైచిలుకు శిబిరములందు మ్రగ్గిన జ్ఞాపకము వారికి కలదు. 1971 సెప్టెంబరులో ఆ భాగము రద్దయ్యెను. రద్దు పత్రముపై సంతకము చేసిన ప్రెసిడెంటు 1948 నాటి బిల్లును తెచ్చిన నిక్సనే! మన దేశమున 1950 నాటి నివారక నిర్బంధ శాసనము 1969 చివర కాలము తీరి ముగిసెను. కాని 1971 జూలైలో, అనగా అమెరికా తన నిర్బంధ శాసనమును విడిచిన యేటనే, ఆంతరంగిక భద్రతా శాసనము పుట్టెను. 1975 అత్యవసర పరిస్థితియందు ఆ శాసనముక్రింద చెఱబడినవారిలో కమ్యూనిస్టులును, కాంగ్రెసు వృద్ధులును, వారికి శత్రువులైనవారును ఒకే గదులలో పండుకొనిరి.

గస్తీ తిర్పన్ నేడు జ్ఞాపకమాత్రము. మద్రాసు శాసనము న్యాయగ్రంథములలో నొక పేరు. ఐనను విద్యార్థులకు రాజ్యాంగమునందలి పందొమ్మిదవ అధికరణమును బోధించు ఉపాధ్యాయులు ‘సమంజసమైన’ అను నా యొక్క పదమువద్ద కొంత సేపు నిలువవలెనని నా మనవి. ఆ పదము వెనుక బొంబాయి పత్రిక యొకటి, చెన్నపట్టణపు విద్యాసంఘమొకటి, చెన్నపట్టణపు ముగ్గురు న్యాయమూర్తులు నున్నారు. దానికి అందక నల్లగొండ పల్లెలనుండి ఉరికంబము దాక నడచి, ప్రజల కేకచే మరలివచ్చినవారును ఉన్నారు. వీరి కథను తెలుగు పాఠశాలలందు చెప్పకున్నచో ఆ పదమునకు అర్థము చెప్పినట్లు కాదు.